మూడో గడి

పుస్తకంలో పేజీకి మూడు గడులు. మొదటి గడిలో సమయం. రెండో గడిలో పాప చేసిన పని, చూసింది చూసినట్టుగా. మూడో గడిలో దాని అర్థం. అర్థం తోచకపోతే ఆ గడిలో 'తెలియదు' అని రాసి వదిలేయమని పరిశోధన కేంద్రం వాళ్లు అట్ట మీదే అచ్చువేసి ఇచ్చారు. తొంభై రోజులు రాయాలి. స్వరూప తొంభై రోజులూ రాసింది. ఒక్కసారి కూడా 'తెలియదు' అని రాయలేదు.

అందుకు కారణం గర్వం కాదు, అలవాటు. పందొమ్మిదేళ్లుగా ఆమె ఒక తాలూకా కోర్టులో స్టెనో. బోనులో నిలబడ్డ మనిషి సగం మింగి సగం చెప్పిన మాటను నిండు వాక్యంగా కూర్చడం ఆమె వేళ్లకు వచ్చు. "ఏమో సారూ, గప్పుడు... గా మూలకు..." అని సాక్షి తడుముకుంటే, కాగితం మీద 'ఆ సమయమున నేను ఇంటికి తూర్పు మూలన నిలబడియుంటిని' అని పడేది. సాక్షి కింద వేలిముద్ర వేసేవాడు. ఖాళీ వరుస అంటే పనిని సగంలో వదిలేయడమని ఆమెకు నేర్పిన పెద్ద గుమాస్తా చనిపోయి చాలా కాలమైంది. ఆ పాఠం మాత్రం బతికే ఉంది.

ఆమె కూతురు ప్రణవికి ఎనిమిదేళ్లు. మాట రాలేదు. ఆటిజం అని మూడో ఏట చెప్పారు. ఆ తర్వాత ఎందరో థెరపిస్టుల దగ్గర బొమ్మల కార్డులు, అద్దాలు, ఊదే బుడగలు అన్నీ అయ్యాయి. పాప నేర్చుకున్నవి నేర్చుకుంది. మాట రాలేదు. చివరికి హనుమకొండ శివార్లలో, ఒకప్పుడు జంపఖానాలు దాచిన గోదాములో వెలసిన ఆ కేంద్రానికి వచ్చారు.

పుస్తకం రాస్తున్న రోజుల్లో ఒక ఉదయం ప్రణవి వంటగదిలో గిన్నె మూతను కిటికీ చువ్వలకేసి తడుతోంది. తట్టి, ఆగి, మళ్లీ తడుతోంది. మెడకు వేలెడు వెడల్పు పట్టీ, చెవి వెనక చింతగింజంత బిళ్ల. పలుకుపట్టీ అని పేరే గానీ అప్పటికి అది ఇంకా మూగదే. పాప గొంతులోని కదలికనూ, ఊపిరినీ, చూపు వాలిన దిక్కునూ అది గుర్తుపెట్టుకుంటుంది. వాటి అర్థాలను స్వరూప పుస్తకం నుంచి నేర్చుకుంటుంది.

"ఏం రాసినవ్?" సదానందం భార్య భుజం మీదుగా తొంగి చూశాడు. కరెంటు స్తంభాలెక్కే ఉద్యోగం అతనిది. డ్యూటీకి వెళ్లబోతూ చేతిలో ఉప్మా గిన్నెతో నిలబడ్డాడు.

"'ఎండ మంచిగ పడుతున్నదమ్మా, చూడు' అంటున్నది."

"అంటున్నదా! మూతతోనా?"

"మూతతోనే."

"నేను నోటితోని పన్నెండేండ్ల సంది మొత్తుకుంటున్న, నాకు ఉప్మా వద్దని. అది మాత్రం నీకు సమజ్ కాదు."

"ఎందుకు కాదు? మూడో గడిల 'ఇంకొంచెం పెట్టు' అని రాసిన."

ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత చాలా రోజులకు ఆ నవ్వు స్వరూపకు గుర్తొచ్చింది.

* * *

పట్టీకి గొంతు వచ్చే రోజున కేంద్రంలో ఒక చాప పరిచారు. ప్రణవి దాని అంచు పోగులను ఒక్కొక్కటే విడదీస్తూ కూర్చుంది. కేంద్రాన్ని నడిపే డాక్టర్ వారిజ కుర్చీ లాక్కుని తల్లిదండ్రుల ఎదుట కూర్చుంది. యాభై ఏళ్ల మనిషి. తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడేటప్పుడు ఎదుటివారి మీంచి కన్ను తీయదు.

"పెద్దగా ఏమీ ఆశించకండి స్వరూప గారూ. కొందరికి నెల దాకా ఒక్క మాట కూడా రాలేదు. మౌనం వచ్చినా అది ఫలితమే."

స్వరూప తల ఊపింది. ఊపుతూనే ఆశించింది.

"అమ్మా."

సన్నని గొంతు, కొంచెం పొడిగా ఉంది. పాప కంఠం కొలతలతోనూ తల్లి గొంతు పోలికలతోనూ తయారుచేసినది. మాట వచ్చే ఉంటే ప్రణవి గొంతు ఇలాగే ఉండేదట. పాప పెదవులు కదల్లేదు. ఆమె వేళ్లు పోగుల దగ్గరే ఉన్నాయి.

"అమ్మా, నీ కండ్లు అలిసిపోయినయ్."

సదానందం లేచి బయటికి వెళ్లి, చెప్పుల్లేకుండా ఎండలో నిలబడ్డాడు. స్వరూప కూతురి ముందు మోకాళ్ల మీద కూలబడి, ఎనిమిదేళ్లుగా దాచుకున్నదంతా ఏడ్చింది. ప్రణవి ఏడుస్తున్న తల్లిని ఒకసారి చూసి, మళ్లీ పోగుల వైపు తిరిగింది. డాక్టర్ వారిజ పాపను చూడలేదు. కంప్యూటర్ తెర మీది గీతలనే చూస్తూ, "ఇంత నిండు వాక్యం మొదటి రోజే ఎవరికీ రాలేదు," అంది.

* * *

వానాకాలం మొదలయ్యేసరికి ఇంట్లో ఆ గొంతు అలవాటైపోయింది. "అమ్మా, దువ్వెన మెల్లగ." "బాపూ, ఇయ్యాల జల్ది రా." సదానందం పని మధ్యలో ఫోన్ చేసి, 'ఏదీ, ఒక్క మాట మాట్లాడమను' అని అడిగేవాడు. స్తంభం మీద ఉండగానే ఫోన్ స్పీకర్ పెట్టి కింద ఉన్న తోటివాళ్లకు వినిపించేవాడు. వాళ్లు చప్పట్లు కొట్టేవారు. అమ్మలక్కలు వచ్చి పాపను పలకరించి, జవాబు విని, ఆశ్చర్యపోయి వెళ్లేవారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం స్వరూప బట్టలు మడతపెడుతోంది. ప్రణవి నేల మీద కూర్చుని ఉంది. "నీళ్లు కావాలె," అంది పట్టీ. పాప వెంటనే లేవలేదు. తల కొంచెం వంచి ఎవరో పిలిస్తే విన్నట్టు వింది. ఆ తర్వాత లేచి బిందె దగ్గరికి వెళ్లి గ్లాసు నింపుకుంది. రెండు గుక్కలు తాగి, చెప్పిన పని అయిపోయిందన్నట్టు గ్లాసు దించి, వచ్చి మళ్లీ అదే చోట కూర్చుంది.

స్వరూప చేతిలో చొక్కా సగం మడతలో ఆగింది. ఇదివరకు పాపకు దాహమైతే తల్లి చిటికెనవేలు పట్టుకుని బిందె దాకా లాక్కెళ్లేది. ఆ లాగడం ఎప్పుడు ఆగిపోయింది? గత వారమా, గత నెలా? ఎంత వెతికినా ఆమెకు ఆ రోజు దొరకలేదు. బిడ్డ దగ్గర ఉన్న ఒకే ఒక్క సొంత మాట పోయింది. అది పోయిన రోజున తాను దాన్ని గమనించలేదు.

సాయంత్రం సదానందంతో అంది: "దప్పికైతే పట్టీ చెప్పాలె గదా. ఇప్పుడు పట్టీ చెప్తె దానికి దప్పికైతున్నది."

"నువ్వు కోర్టుల కూసోని కూసోని ఇంట్ల కూడ ముద్దాయిల్ని దేవులాడుతున్నవ్."

"నవ్వకు. ముందు ఏదొస్తున్నదో, ఎనక ఏదొస్తున్నదో నువ్వు కూడ చూడు."

"చూస్త తియ్," అన్నాడు సదానందం. కానీ అప్పుడే పట్టీ "బాపూ, నీ చేతికి ఏమైంది?" అంది. వైరు గీరుకున్న చేతిని అతను సంబరంగా పాప ముందుకు చాపాడు. ప్రణవి ఆ చేతి వైపు చూడలేదు. సదానందం అది గమనించలేదు. స్వరూప గమనించింది.

* * *

నెలవారీ పరీక్షకు వెళ్లినప్పుడు కేంద్రం వరండాలో ఇంకో తల్లి కనిపించింది. పేరు భాగ్య. పరకాల దగ్గరి ఊరు, బీడీలు చుట్టే పని. ఆరేళ్ల కూతురు సిరి గోడకు ముఖం పెట్టి, గోటితో సున్నం గీకుతోంది. దాని మెడకూ కొత్త పట్టీ ఉంది.

"అమ్మా, నీ కండ్లు అలిసిపోయినయ్."

స్వరూప చప్పున ప్రణవి వైపు తిరిగింది. ఆ మాట ప్రణవి పట్టీ నుంచి రాలేదు. గోడ దగ్గర నుంచి, సిరి మెడ నుంచి వచ్చింది. మాటలు అవే. 'కండ్లు'కు ముందు వచ్చిన చిన్న విరామం కూడా అదే.

భాగ్య కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇన్నవా అక్కా? నా దిక్కు సూడనన్న సూడలే, ఎట్ల పసిగట్టిందో! పొద్దుగూకులు బీడీలు సుట్టీ సుట్టీ నిజంగనే కండ్లు గుంజుతున్నయ్. మా ఆయినకే తెల్వదు, గీ పోరికి తెల్సింది."

స్వరూప గోడకు ఆనుకుంది. పదకొండో రోజు పేజీ కళ్ల ముందుకొచ్చింది. ఆ రోజు కోర్టులో నాలుగు గంటలపాటు ఒకే సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేశారు. ఇంటికొచ్చి పడుకుంటే ప్రణవి వచ్చి తన రెప్పల మీద వేళ్లు ఆడించింది. రెండో గడిలో 'రెప్పలు తాకింది' అని రాసింది. మూడో గడిలో ఈ వాక్యం రాసింది. ఆ రోజు అలసిపోయినవి తన కళ్లు. ఎవరైనా ఆ మాట అంటే బాగుండునని కోరుకున్నది తాను.

డాక్టర్ వారిజ గదిలోకి వెళ్లి నిలబడే అడిగింది. "నా పుస్తకం వేరే పిల్లలకు ఎక్కించిన్రా?"

"పునాదిగా మాత్రమే. కూర్చోండి," అంది వారిజ. "మిగతా పుస్తకాల్లో సగానికి సగం 'తెలియదు' అనే ఉంది. ఆ పట్టీలు రోజుకు రెండు మాటలు కూడా పలకలేదు. తల్లులు నా ఎదుట కూర్చుని ఏడ్చారు. మీ పుస్తకంలో ఒక్క ఖాళీ కూడా లేదు. దాన్ని అడుగున పరిచాక అన్నీ మాట్లాడుతున్నాయి."

"ఆ ఖాళీలు నేను నింపిన మేడం."

"అంటే?"

"పిల్ల మనసుల ఏమున్నదో నాకు తెల్వదు. నాకు తోచింది రాసిన."

వారిజ కుర్చీ ముందుకు జరుపుకుంది. "ప్రతి తల్లీ బిడ్డకు మాట అలాగే ఇస్తుంది కదా. పసిపిల్ల 'త' అంటే, 'తాతను పిలుస్తోంది' అంటాం. మనం అన్నాకే అది తాత అవుతుంది. మీరు చేసింది అంతకంటే వేరా?"

స్వరూప కూడా ఈ ప్రశ్న తనను తాను చాలాసార్లు వేసుకుంది. అందుకే జవాబు వెంటనే వచ్చింది. "ఆ పసిపిల్ల రేపు పెద్దదై 'కాదు, నేను తాత అనలే' అంటది మేడం. ఈ పట్టీల 'కాదు' ఉన్నదా?"

వారిజ తెర వైపు తిరిగి వెతికింది. వెతుకుతున్న వేళ్లు క్రమంగా నెమ్మదించాయి. "నాలుగు వేల మూడు వందల వాక్యాలు," అంది చివరికి. "'వద్దు' అని పదకొండు సార్లు ఉంది. 'కాదు' అని ఒక్కసారి కూడా లేదు."

తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన ప్రణవి తల్లి భుజానికి ఒరిగింది. స్వరూపకు ఏనాటిదో ఒక సాక్షి గుర్తొచ్చింది. భర్త చనిపోయిన ఆడమనిషి. వకీలు ఒక ప్రశ్న అడిగితే ఆమె నోరు తెరిచి, అలాగే చాలాసేపు ఉండిపోయింది. 'సాక్షికి ఆ విషయము గుర్తులేదు' అని కాగితం మీద పడింది. అలా టైపు కొట్టింది స్వరూపే. ఆమెకు గుర్తులేక ఆగిందా, అంతా గుర్తొచ్చి ఆగిందా? ఆ ప్రశ్న ఆనాడు వేసుకోలేదు. వేలిముద్ర సరిగా పడిందా లేదా అన్నదే చూసింది.

"అమ్మా, నువ్వంటే నాకిష్టం," అంది పట్టీ.

నలభై మూడో రోజు, మూడో గడి. తాను రాసిన మాటేనని స్వరూపకు తెలుసు. తెలిసి కూడా గుండె ఉప్పొంగింది. ఆ ఉప్పొంగడం చూసి ఆమెకు తన మీద తనకే భయం వేసింది. పట్టీ తీసేయడానికి చేయి మెడ దాకా వెళ్లింది. తీస్తే రేపటి నుంచి ఆ గొంతు ఉండదు. చేయి వెనక్కి వచ్చింది. ఆ చేయి వెనక్కి తీసుకున్న మనిషి తల్లి అవునో కాదో ఆ రోజు ఆమె తేల్చుకోలేకపోయింది.

* * *

శ్రావణంలో ఒక సోమవారం ప్రణవి అన్నం ముట్టలేదు.

"ఆకలి లేదమ్మా. ఎనక తింట," అంది పట్టీ.

మంగళవారం నుదురు వెచ్చగా తగిలింది. పాప మోకాళ్లు పొట్టకు అదుముకుని మంచం మూల కూర్చుంది. స్వరూప ఎదుట కూర్చుని, "కడుపు నొస్తున్నదా బిడ్డా?" అని అడిగింది.

"ఏం లేదమ్మా. మంచిగున్న."

ఆ వారం సదానందానిది సాయంత్రం డ్యూటీ. పగలు పాప దగ్గర అతనే ఉంటాడు. స్వరూప బస్సెక్కి కోర్టుకు వెళ్లింది. దారి పొడవునా ఆ 'మంచిగున్న'నే మనసులో తిప్పుకుంటూ ధైర్యం తెచ్చుకుంది. పుస్తకం రాసిన తొంభై రోజుల్లో ప్రణవికి ఒక్కసారి కూడా కడుపునొప్పి రాలేదు. రాని నొప్పికి మాట రాయలేదు. పాప ముడుచుకుని కూర్చున్న సాయంత్రాల్లో తాను కంగారుపడి 'ఏమైంది బిడ్డా' అని అడిగినప్పుడల్లా మూడో గడిలో 'మంచిగున్న' అనే రాసుకుంది. పట్టీ నేర్చుకున్నది అదే.

బుధవారం మధ్యాహ్నం రెండున్నరకు ఫోన్ మోగింది.

"స్వరూపా." సదానందం గొంతు గుర్తుపట్టలేనట్టు ఉంది. "పిల్ల కింద ముడుచుకొని పడ్డది. నోరు దెరుస్తున్నది, అరుపు రాలే. ఒళ్లు కాలుతున్నది. పట్టీ ఏమో... 'బాపూ, పని ఎట్లున్నది' అని అడుగుతున్నది. మళ్ల మళ్ల అదే అడుగుతున్నది. నాకు భయమైతున్నది. జల్ది రా."

"నువ్వు ఆగకు. ఆటోల ఏసుకొని దవాఖానకు పో. నేను అటే వస్త."

కోర్టు మెట్లు ఎలా దిగిందో, ఎవరి బండి మీద కూర్చుందో ఆమెకు తర్వాత గుర్తులేదు. ఆసుపత్రి బల్ల మీద ప్రణవి పక్కకు తిరిగి పడుకుని ఉంది. పెదవులు ఎండిపోయాయి. కళ్లు తెరిచే ఉన్నాయి. సర్జన్ చిన్న వయసు మనిషి. రెండు వేళ్లతో పొట్ట కుడి వైపు కింద మెల్లగా నొక్కి వదిలాడు. పాప ఒళ్లంతా విల్లులా లేచింది.

"అమ్మా, ఎండ మంచిగ పడుతున్నది, చూడు," అంది గొంతు తీయగా.

సర్జన్ ఉలిక్కిపడ్డాడు. "ఎవరు మాట్లాడింది?"

"మా బిడ్డ," అంది స్వరూప. వెంటనే, "కాదు. మా బిడ్డ కాదు," అంది.

"అదేదో ముందు తీసేయండమ్మా."

స్వరూప పట్టీ విప్పి పిడికిట్లో పట్టుకుంది. వెచ్చగా ఉంది. పిడికిట్లోని ఆమె నాడి ఆ పట్టీకి తగిలింది కాబోలు, వేళ్ల సందుల్లోంచి సన్నగా, "మంచిగున్నమ్మా," అని పలికింది. ఆమె దాన్ని విసిరికొట్టింది. అది బల్ల కింద ఎక్కడో పడి ఊరుకుంది.

అప్పుడు వినిపించింది. అరుపు కాదు, ఏడుపు కాదు. పళ్ల మధ్య నుంచి ఆగి ఆగి వస్తున్న ఒక మూలుగు. ఎంతసేపటి నుంచి వస్తోందో! తీయటి గొంతు కింద అది ఎన్ని రోజులుగా నలిగిందో!

"నొప్పి ఎప్పటి నుంచి? ముందు బొడ్డు దగ్గర మొదలైందా? ఇప్పుడు ఏమంటోంది పాప?" సర్జన్ అడుగుతున్నాడు. సదానందం చూస్తున్నాడు. నర్సు చూస్తోంది. ఇలాంటి చూపుల ముందు స్వరూప జీవితంలో ఎప్పుడూ ఖాళీగా నిలబడలేదు. వాక్యాలు అలవాటుగా వచ్చి నాలుక చివర నిలబడ్డాయి.

"నాకు తెల్వదు సార్," అంది.

"సరే. అయితే పాప ముఖమే చూద్దాం," అన్నాడతను. పాప కళ్లలోకి చూస్తూ మళ్లీ చేయి వేశాడు.

అపెండిక్స్ అప్పటికే పగిలింది. ఆపరేషన్ గది బయట బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు.

"కోపం జెయ్యి," అంది స్వరూప. "ఊకె కూసోకు. నన్ను తిట్టు."

"ఎవర్ని తిట్టాలె?" సదానందం నేలను చూస్తూ అన్నాడు. "రోజుకు పదిసార్లు ఫోన్ జేసి దాన్ని మాట్లాడిపిచ్చుకున్నది నేను గాదా? నువ్వు చూడమంటె చూసిన్నా?"

సాయంత్రం ఆరు దాటాక సర్జన్ బయటికి వచ్చాడు. ఇంకో రోజు ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమన్నాడు. బతుకుతుందన్నాడు.

* * *

పన్నెండు రోజుల తర్వాత ఆమె కేంద్రానికి ఒంటరిగా వెళ్లింది. పట్టీతో పాటు ఒక కాగితం డాక్టర్ వారిజ ముందు పెట్టింది. తానే టైపు చేసిన వాంగ్మూలం, మూడు వరుసలు. 'రెండో గడిలో ఉన్నది నేను చూసినది. మూడో గడిలో ఉన్నది నా ఊహ. దానిని నా కుమార్తె మాటగా గాని, మరే బిడ్డ మాటగా గాని తీసుకొనరాదు.'

వారిజ రెండుసార్లు చదివింది. ముఖం నల్లబడింది. "కొత్తగా ఎవరికీ ఇవ్వం. ఇప్పటికే పెట్టుకున్నవాళ్లు తొమ్మిది మంది. పాపకు ఇలా అయిందని తెలిసిన రోజే అందరికీ ఫోన్ చేశాను స్వరూప గారూ. తీసేయమన్నాను. ఒక్కరు కూడా..." మాట పూర్తిచేయలేదు. ఆమె మాట పూర్తిచేయకపోవడం స్వరూప చూడటం అదే మొదటిసారి.

వరండాలో భాగ్య ఉంది. పట్టీ తీసేయమని నచ్చజెప్పడానికే ఆమెను పిలిపించారు. స్వరూపను చూడగానే సిరిని కొంగు చాటుకు లాక్కుంది.

"నీ బిడ్డ బతికింది గదక్కా. సంతోషం. దేవునికి మొక్కుకున్న. గని నువ్వొచ్చి 'గది నా మాట, ఇచ్చెయ్యి' అంటె నేనేం జెయ్యాలె? ఆరేండ్లకు నా బిడ్డ నన్ను అమ్మా అన్నది."

"రేపు దానికి నొప్పొస్తె నీకెట్ల తెలుస్తది భాగ్యా?"

"గిదివరకు తెల్సిందా?"

స్వరూప చూపు సిరి మీదికి వెళ్లింది.

"సెప్పక్కా. పట్టీ లేనప్పుడు నాకేం తెల్సింది? గప్పుడు సప్పుడు లేదు. గిప్పుడు సప్పుడన్న ఉన్నది. నీకు సదువొచ్చు, నీకు సప్పుడు లేకున్న నడుస్తది. నాకు నడువది."

"అమ్మా, ఆకలైతున్నది, పోదాం పా," అంది సిరి మెడలోని గొంతు. స్వరూప ఆ వాక్యాన్ని గుర్తుపట్టింది. ఇరవై ఆరో రోజు, బస్టాండులో. సిరి చేతిలో కొరకని బిస్కెట్ ఉంది. భాగ్య బిడ్డను చంకనెత్తుకుని వరండా దాటి వెళ్లిపోయింది. ఆ భుజం మీది నుంచి సిరి వెనక్కి చూస్తూ ఉంది. ఆ చూపులో ఏముందో స్వరూపకు తెలియలేదు. ఎనిమిది ఇళ్లలో, ఈ పూటే, మూడో గడిలో తన కోసం తాను రాసుకున్న మాటలు ఎవరెవరి ఆకలి మీదో, నొప్పి మీదో పరుచుకుని ఉంటాయి. తొమ్మిదోది ఇప్పుడే మెట్లు దిగుతోంది. ఆమె అక్కడే నిలబడిపోయింది.

* * *

పట్టీ లేని ఇంట్లో గడియారం చప్పుడు వినబడేది. కుట్లు మానుతున్న ప్రణవి మంచం అంచున కూర్చుని, తల కొంచెం వంచి, ఎదురుచూసేది. ఏం కావాలో తనకు ఎవరో చెబుతారని చూస్తోందేమో అనుకుంది స్వరూప. అనుకున్న వెంటనే ఆ వాక్యాన్ని తుడిచేసింది. అదీ తన మాటే. పాప పెదవులు ఎండినా బిందె దాకా వెళ్లేది కాదు. గ్లాసులో నీళ్లు పోసి దగ్గర పెట్టి, ఏమీ అనకుండా ఆమె పక్కకు తప్పుకునేది. తాగుతుందో లేదోనని తలుపు చాటున నిలబడి చూసేది. కొన్నిసార్లు పాప తాగింది. కొన్నిసార్లు తాగలేదు.

అన్నిటికంటే భయపెట్టింది వేరే ఉంది. పట్టీని సొరుగులో పెట్టి తాళం వేయవచ్చు. తన తలలో నడిచే మూడో గడికి తాళం లేదు. పాప కనురెప్ప వేస్తే చాలు, లోపల టైపు మొదలయ్యేది. నిద్రొస్తున్నదమ్మా. కోపమొచ్చిందమ్మా. నన్ను ఎత్తుకో అమ్మా. ఇన్నేళ్లుగా తాను బిడ్డతో ఉన్నదా, బిడ్డ గురించి తాను రాసుకున్న దానితో ఉన్నదా?

ఒక ఉదయం వాన వెలిసింది. స్వరూప గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. కోర్టుకు సెలవు పెట్టింది. ప్రణవి మంచం దిగి, కుట్ల దగ్గర చేయి అడ్డం పెట్టుకుని, మెల్లగా నడిచి వచ్చింది. ఎదురుగా కూర్చుంది. చాలాసేపు తల్లి ముఖాన్ని చూసింది. పాప ఆమె ముఖాన్ని అంతసేపు ఎప్పుడూ చూడలేదు. తర్వాత కుడి చేయి ఎత్తి, అరచేతిని స్వరూప నోటి మీద పెట్టింది. గట్టిగా అదమలేదు. పెట్టి, అలాగే ఉంచింది.

ఇక మాట్లాడొద్దని కావచ్చు. ఇన్నాళ్లూ తన మెడలో పలికిన గొంతు ఇక్కడి నుంచే వచ్చిందా అని తడుముతూ ఉండవచ్చు. ఊపిరి వెచ్చగా తగులుతోందని కావచ్చు. ఒక్కో అర్థం నిండు వాక్యమై వచ్చి ముందు నిలబడింది. ఒక్కోదాన్నీ ఆమె వెనక్కి పంపింది. పంపిన చోట ఏమీ మిగల్లేదు. ఆ ఏమీ లేనితనం ముందు ఆమెకు ఆపరేషన్ గది బయట కలిగినంత భయం కలిగింది.

సదానందం గుమ్మంలోకి వచ్చి ఆగాడు. "ఏమంటున్నది?" అని అడిగాడు గుసగుసగా.

స్వరూప తల కూడా ఊపలేదు. ఊపితే ఆ చేయి జారిపోతుంది. ఆమె కళ్లు తెరిచే ఉంచి, కూతురి అరచేతి కింద ముక్కుతో మెల్లగా ఊపిరి తీస్తూ కూర్చుంది.